పేనుకు పెత్తనము

మా అమ్మాయి జడలో ఈళ్లు కనిపించినవని ఇచట సియాటిల్‌లోని బడివారు ఆమెను నట్టనడి పాఠములో ఇంటికి పంపివేసిరి. వెంట నొక ఉత్తరము: తలలో ఒక్క ఈరైనను మిగిలియున్నంత కాలము తరగతిలో అడుగిడరాదట, పక్కబట్టలు వేడినీట నుదుకవలెనట, ఈళ్లు తీయు దుకాణముల చిరునామాలు సైతము జతపరచిరి. చేతికి తొడుగులు, నుదుట దీపము ధరించి, గంటకింతయని పుచ్చుకొని తల దువ్విపెట్టు దుకాణములు! మధ్యాహ్న భోజనములైన పిమ్మట వీథియరుగుపై నన్ను మోకాళ్ల నడుమ కూర్చుండబెట్టుకొని, ఈరుపెనతో పాయపాయను లాగి, చిక్కినదానిని బొటనవ్రేళ్ల గోళ్ల నడుమ టప్పున కుక్కుచు, ఎవరింటి పెండ్లి యెందుకు తప్పిపోయెనో చెప్పుకొనిపోవు మా నాయనమ్మ, గంటకింతయని పుచ్చుకొనియుండిన, ఊరిలో సగము మాగాణి మాదే అయియుండును.

ఈ దేశమున శాస్త్రము లేదందునా, అది అన్యాయము. తలపేను రోగములను మోయదనియు, దానికై పిల్లలను బడి మాన్పింపరాదనియు ఇచటి పిల్లల వైద్యుల సంఘమే చెప్పియున్నది. ఆ మాట బడిగడప దాటలేదు. అచట పేనుభయమునకే పెత్తనము.

భయపడవలసినది ఒంటిపేనుకు. అది బట్టల కుట్లలో కాపురముండి, అచటనే గ్రుడ్లు పెట్టి, ఆకలియైనపుడు మాత్రము ఒంటిమీదికి వచ్చును. టైఫసు రోగులు ఆసుపత్రి వాకిట బట్టలు విడిచి స్నానము చేసినపిమ్మట లోపల నెవ్వరికిని ఆ జ్వరమంటకుండుట గమనించి, 1909లో ట్యూనిసునందు షార్ల్ నికోల్ అను వైద్యుడు పేనును పట్టియిచ్చెను. 1928లో నోబెల్ బహుమానము పొందెను. పేను కాటుకంటె దాని మలము ప్రమాదము: గోకికొన్న చోటినుండి రోగక్రిమి లోనికి జొచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని సైనికులను పీడించిన ట్రెంచి జ్వరమును మోసినదియు ఈ ఒంటిపేనే.

ఆ ట్రెంచి జ్వరపు క్రిమి 1993లో మేమున్న ఈ సియాటిల్ నగరముననే కొందరు రోగుల రక్తమున బయటపడినది. వారిలో అధికులు ఇల్లువాకిలి లేనివారు. వంతెనల క్రింద పడుకొను వారికి ఉత్తరములు వ్రాయు బడి లేదు, గంటకింతయను దుకాణమును లేదు. వారికి కావలసినది ఖరీదైన మందుకంటె ముందుగా మార్చుకొన నొక జత బట్టలు, ఒళ్లు కడుగుకొన నీరు, విడిచినవి ఉదుకుకొన వేడినీటి యంత్రము. ఉగాదికిని దసరాకును ధారాళముగా చందాలెత్తు మన సియాటిల్ తెలుగువారు, ఈ యేడు అందులో కొంత తీసి నిరాశ్రయుల బట్టల ఉదుకుడు ఖర్చునకు ఇయ్యవలసినదని నా మనవి.