లోపం నా కాలిలో కాదు, వడపోతలో!

మీ ఇంట్లో కారు ఉందా? మీరు నడుపుతుండగా ఎప్పుడైనా ఠక్కున ఆగిపోయిందా? అప్పుడు పక్కనున్నవాళ్ళు మొట్టమొదట ఏమన్నారు? "క్లచ్ సరిగ్గా తొక్కలేదా?" అనే కదూ! నన్నూ అలాగే అన్నారు. అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. ముప్పై తొమ్మిదో ఏట కారు నేర్చుకున్నాను. మాది కొవ్వూరు. మావారిది విశాఖపట్నంలో ఉద్యోగం, ఆదివారాలకే ఇంటికొస్తారు. 2021 మొదట్లో మా అత్తయ్యగారికి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు గోదావరి దాటి రాజమండ్రి తీసుకెళ్ళాలి. మా పాత పెట్రోలు కారేమో 2020 లాక్‌డౌన్ నాటి నుంచీ కవరు కప్పుకుని నెలల తరబడి వాకిట్లోనే ఉండిపోయింది.

బండి చక్కగా స్టార్టయ్యేది. సందుల్లో బుద్ధిగా నడిచేది. రోడ్డు కం రైలు బ్రిడ్జి ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కానో, ఎక్కిళ్ళు పట్టినట్టు నాలుగు కుదుపులు... ఆ వెంటనే గప్‌చుప్! నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన, వెనకాల హారన్లు, వెనకసీట్లో పెద్దావిడ. నా చేతులు చల్లబడిపోయేవి. రెండు నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది.

ఒకరోజు అలా ఆగినప్పుడు అత్తయ్యగారు, "నావల్ల నీకెన్ని తిప్పలమ్మాయ్! ఇక ఈ సూదులూ వద్దు, ఈ ప్రయాణాలూ వద్దు. ఇంటికి పోదాం" అన్నారు. బండి ఆగినందుకు కాదు గానీ, ఆ మాటకు భయం వేసింది నాకు. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు.

మావారు ఫోనులో "నీకు గేర్లు మార్చడం రాదు, ఆటో మాట్లాడుకో" అన్నారు. మొదట చూపించిన మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. జబ్బు మాత్రం తగ్గలేదు. చివరికి "పెట్రోలు పంపు పోయిందండీ, పదివేల పైన అవుతుంది" అన్నాడు.

పదివేలంటే మాటలా? పాలలెక్క రాసే పుస్తకం తీసి వెనక పేజీలో రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడు ఆగింది, ఎక్కడ, ఏ గేర్లో, ఎంత స్పీడులో, పెట్రోలు ఎంత ఉంది. మూడు వారాల్లో ఏడుసార్లు ఆగింది. గేటు దగ్గర ఊరికే నిలబడినప్పుడు ఒక్కసారీ ఆగలేదు. ఏడుసార్లూ ఎత్తు ఎక్కుతున్నప్పుడో, లారీని దాటుతున్నప్పుడో! అందులో నాలుగుసార్లు మూడో గేర్లో నలభై మీద పోతున్నాను, క్లచ్ మీద నా కాలే లేదు. మరి తప్పు నాదెలా అవుతుంది, మీరే చెప్పండి?

ఆ పుస్తకం పట్టుకుని మా ఊళ్ళోనే ఒక ముసలి మెకానిక్ దగ్గరకు వెళ్ళాను. అద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, "సగం పని మీరే చేసేశారమ్మా" అన్నాడాయన. పెట్రోలు గొట్టానికి ఒక మీటరు తగిలించాడు. ఇంజన్ ఊరికే తిరుగుతున్నంతసేపూ ముల్లు నిలకడగా ఉంది. యాక్సిలరేటర్ నొక్కి పట్టగానే కిందికి జారిపోయింది. "పెట్రోలు చాలట్లేదు. పంపైనా కావాలి, ఫిల్టరైనా కావాలి. ముందు చవకది చూద్దాం" అన్నాడు.

విడదీసిన ఫిల్టర్ని తెల్ల పళ్ళెంలో బోర్లిస్తే, కాఫీ డికాషన్‌లాంటి మడ్డి కారింది! నెలల తరబడి కదలని ట్యాంకులో పాత పెట్రోలు జిగురు, తుప్పు, చెత్త అన్నీ అక్కడ చేరాయి. నాకు మన టీ వడగట్టు గుర్తొచ్చింది. ఆకు పేరుకున్న వడగట్టులో మెల్లగా పోస్తే చుక్కచుక్కా దిగుతుంది. ఒక్కసారిగా వంచామా, పైనే నిలబడిపోతుంది. ఇదీ అంతే. బండి నిలబడి ఉంటే చుక్కలు చాలు, ఎత్తెక్కాలంటే ధార కావాలి.

ట్యాంకులో పాత పెట్రోలు తీయించి, కొత్త ఫిల్టర్ వేయించాం. ఫిల్టరుకు నాలుగువందల లోపే అయింది. మళ్ళీ మీటరు పెడితే ముల్లు కదల్లేదు. పంపు పంపులాగే ఉంది!

మీకూ ఇలా జరిగితే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ఇంజన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది, కంగారుపడకండి. బ్రేకు మాటిమాటికీ కొట్టకుండా ఒక్కసారే గట్టిగా నొక్కిపట్టి, నాలుగు లైట్లూ వెలిగించి బండిని పక్కకు తీయండి. ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి. ఏదైనా ఖరీదైన భాగం మార్చాలంటే, "పెట్రోలు ప్రెషర్ చూశారా?" అని అడగండి. కొన్ని బండ్లలో ఫిల్టర్ ట్యాంకులోపలే ఉంటుంది, ఆ సంగతీ అడిగి తెలుసుకోండి. పెట్రోలు గొట్టం మాత్రం మీరు విప్పకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. వాడని బండిని నెలల తరబడి అలా వదిలేయకండి. వారానికోసారైనా కాసేపు రోడ్డు మీద తిప్పండి.

మరుసటి మంగళవారం బ్రిడ్జి ఎక్కుతుంటే అత్తయ్యగారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. బండి ఎక్కడా ఆగలేదు. అవతలి గట్టు చేరాక కళ్ళు తెరిచి, "అప్పుడే వచ్చేశామా!" అన్నారు. ఆ ఆదివారం కొడుకు రాగానే, గుమ్మంలోనే అన్నారు కదా, "లోపం నీ పెళ్ళాం కాలిలో లేదురా, వడపోతలో ఉంది!"

మావారు ఏమీ అనలేదు. కారు తాళాలు మాత్రం తన జేబులోంచి తీసి నా వంటింటి మేకుకు తగిలించారు. అత్తయ్యగారు ఆ తర్వాత రెండేళ్ళు మాతో ఉన్నారు. ఆ రెండేళ్ళూ ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.