పాద్రీ సాబ్ కోసం ఒక మనవి



 మా కంకిపాడులో తుపానుకు ఒరిగిపోగా మిగిలిన చేలల్లో కోతలు సాగుతున్నాయి. రోడ్డు పక్కన ఖాళీ దొరికిన చోటల్లా ధాన్యం ఆరబోశారు. తేమ ఎంతొచ్చింది, సంచులు వచ్చాయా అన్నదే ఊరంతా మాట. ఇంత పనిలో ఉండి కూడా మీలో చాలామంది ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. మీ ఇళ్లలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు, పరీక్షలకు చదువుతున్న పిల్లల పేర్లు నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నాను.

ఈ నెల ఆ పేర్లతోపాటు మరొక మనిషికి మీ ప్రార్థనలో చోటు అడుగుతున్నాను. ఆయన సైన్యంలో పాద్రీ. ఆయన పేరు గానీ, ఎక్కడున్నారన్నది గానీ రాయను. ఎందుకో చివర్లో చెబుతాను.

మన సంఘాల్లో ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో సరిహద్దుల్లో ఉన్న సైనికుల కోసం ఒక మాట తప్పకుండా ఉంటుంది. ఉండాలి కూడా. 2025 మే నెలలో జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం విడిచిన అగ్నివీర్ మురళీ నాయక్ శవపేటిక గోరంట్ల మండలం కల్లితండాకు చేరినప్పుడు, 2020 జూన్‌లో గల్వాన్ లోయ నుంచి కల్నల్ సంతోష్ బాబు భౌతికకాయం సూర్యాపేటకు వచ్చినప్పుడు, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఇళ్ల ముందు నిలబడ్డాయి. అమ్మానాన్నల దగ్గరికి బంధువులు వచ్చారు, నాయకులు వచ్చారు, దారిన పోయేవాళ్లు కూడా ఆగి కన్నీళ్లు పెట్టుకున్నారు. మరి నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు తిరిగి రాలేదని తెలిసిన ఆ యూనిట్ కుర్రాళ్ల దగ్గరికి ఎవరు వెళతారు? మర్నాడు మళ్లీ డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. సైన్యంలో ఆ పని పడేది మతబోధకుల మీద. హిందూ పండిట్, సిక్కు గ్రంథి, ముస్లిం మౌల్వీ, బౌద్ధ భిక్షువు, క్రైస్తవ పాద్రీ. వీళ్లందరినీ సైన్యం నాయబ్ సుబేదార్ హోదాలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లుగా తీసుకుంటుంది.

ఈ ఉద్యోగానికి వచ్చే ప్రకటన ఎప్పుడైనా చదివారా? పాద్రీ అయితే అధికారం ఉన్న సంఘ పెద్దల చేత అభిషేకం పొంది ఉండాలి, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరుండాలి. దాంతో సరిపోదు, 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. ఎంపికైతే పుణేలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్‌లో మిగతా మతాల బోధకులతో కలిసి శిక్షణ. 2022లో వచ్చిన ప్రకటనలో మొత్తం 128 ఖాళీలు ఉంటే అందులో పాద్రీ పోస్టులు రెండే. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాగాలాండ్, మిజోరం, మణిపూర్, జార్ఖండ్, కేరళ, తమిళనాడు, మన ఆంధ్ర, ఇన్ని చోట్ల నుంచి వచ్చిన క్రైస్తవ జవాన్ల కోసం ఆ విడత తీసుకోదలచింది ఇద్దరు పాద్రీలనే. మన కంకిపాడు నుంచి ఉయ్యూరు వెళ్లేలోపు ఎన్ని ప్రార్థనా మందిరాలు దాటుతామో మీకు తెలుసు. ఏ ఇంట్లో కష్టమొచ్చినా అరగంటలో ఒక పాస్టరు గారు గుమ్మంలో ఉంటారు. మనకు అలవాటైన ఆ ఆదరణ అక్కడ ఎంత అరుదో ఆలోచించండి.

పాద్రీ పని ఆదివారం ఆరాధనతో అయిపోదు. ప్రకటనలోనే రాసి ఉంటుంది: అంత్యక్రియలు జరిపించాలి, ఆసుపత్రిలో రోగులను చూడాలి, కోలుకుంటున్నవాళ్లతో కూర్చుని ప్రార్థించాలి, శిక్ష అనుభవిస్తున్న సైనికులను కలవాలి, పిల్లలకు వాక్యం నేర్పాలి, కుటుంబాల మంచిచెడ్డలు కనుక్కోవాలి. చాలా యూనిట్లలో సర్వధర్మ స్థల్ ఉంటుంది. గుడి, గురుద్వారా, మసీదు, చర్చి ఒకే కప్పు కింద. క్రిస్మస్ కేకు పండిట్ గారికి పెట్టేదీ, గురుపూరబ్ నాడు గ్రంథి గారి పక్కన నిలబడేదీ ఈయనే. సువార్త సభలు పెట్టడానికి వెళ్లిన మనిషి కాదు ఆయన. తన విశ్వాసం గలవాళ్లను కాయడానికి, తక్కినవాళ్ల పక్కన నమ్మకంగా నిలబడడానికి వెళ్లారు. ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారని లెక్క అడిగే ప్రార్థనలు ఆయన మీద పెట్టవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇదంతా నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల. వాడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్, అంటే ఇంజనీరింగ్ దళంలో జవాను. వాళ్ల నాన్న పోయినప్పుడు దారులు మూసుకుపోయి సమయానికి ఇల్లు చేరలేకపోయాడు. ఇక్కడ మేము మట్టి చేసే వేళకు వాడు అక్కడ గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడట. నేను మొదట్లో చెప్పిన పాద్రీ గారే వచ్చి పక్కన కూర్చున్నారు. జార్ఖండ్ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. "నీ భాషలోనే ప్రార్థన చెయ్యి బేటా, నేను వింటాను" అన్నారట. వీడు ఏడుస్తూ తెలుగులో నాన్న గురించి దేవుడికి చెప్పుకుంటుంటే, ఏమీ అర్థం కాకపోయినా చివరిదాకా ఉండి ఆమేన్ అన్నారు. కొన్నాళ్లకు మావాడు ఊరికే మర్యాదకు అడిగాడు, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా సాబ్?" అని. ఆ ప్రశ్నకు ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయారు. తర్వాత చెప్పారు: తల్లి మంచాన పడి నెలలైంది, భార్య ఒక్కతే ఇద్దరు పిల్లలనూ అత్తగారినీ చూసుకుంటోంది. యూనిట్‌లో ఒక్కరికీ తెలియదు. అడిగినవాళ్లు లేరు.

మావాడు ఫోన్లో ఈ మాట చెప్పినప్పటి నుంచి నా ప్రార్థన మారింది. మీదీ మారాలని ఈ ఉత్తరం.

ముందుగా ఆయన ఇంటివాళ్లు. ఫీల్డ్ పోస్టింగ్ పడితే కుటుంబం వెంట వెళ్లదు. స్కూలు ఫీజు, గ్యాస్ బుకింగ్, అత్తగారి మందులు, అన్నీ పాస్టరమ్మ గారే చూసుకోవాలి. మామూలు జవాను భార్యకు కష్టమొస్తే పాస్టరు గారి ఇంటికి వెళ్లి ఏడవగలదు. పాస్టరమ్మ గారు ఎవరింటికి వెళ్లాలి? సంఘం మధ్య పెరిగిన ఆడపిల్ల, కుటుంబం వెంట వెళ్లగల పోస్టింగులైతే ప్రతి రెండు మూడేళ్లకూ కొత్త ఊళ్లో, కొత్త భాషలో మళ్లీ మొదలుపెట్టాలి. ఆమెకు ఒక స్నేహితురాలు దొరకాలని ప్రార్థించండి. చిన్న మనవిలా కనిపిస్తుంది కానీ కాదు.

తర్వాత ఆయన శరీరం. సముద్ర మట్టానికి పట్టుమని పాతిక మీటర్ల ఎత్తు కూడా లేని డెల్టాలో ఉన్నాం మనం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ దిగిన మనిషి ముందు కొన్ని రోజులు ఒంటికి ఆ గాలి అలవాటయ్యేదాకా విశ్రాంతి తీసుకోవాలి. అంతకంటే పైనున్న పోస్టుల్లో ఎవరైనా పోతే, ఆయన ఊపిరి అందకపోయినా అంత్యక్రియల ప్రార్థన తడబడకుండా చదవాలి. వయసు మీరుతున్న పాద్రీకి మోకాళ్లు, బీపీ, నిద్ర, ఇవన్నీ నిజమైన అవసరతలే. ఆత్మ సంగతి చూసుకునే మనిషికి ఒళ్లు ఉండదన్నట్టు మనం మన పాస్టర్ల విషయంలో కూడా ప్రవర్తిస్తాం.

అన్నిటికంటే బరువైనది మరొకటి ఉంది. జవాను తన మనసులోది ఆయనకు చెప్పుకుంటాడు. అప్పుల సంగతి, భార్యతో తగాదా, సెలవు దొరకలేదన్న కోపం, కొందరు ఇక బతకాలని లేదన్న మాట కూడా. విన్నది ఆయన కడుపులో దాచుకోవాలి. అదే సమయంలో ఆయనా యూనిఫాం వేసుకున్న మనిషే, పైఅధికారి కింద పనిచేసే మనిషే. ఎప్పుడు మౌనంగా ఉండాలి, ఎప్పుడు లేచి వెళ్లి కమాండింగ్ ఆఫీసరుతో "సాబ్, ఈ కుర్రాడిని ఈ రోజే ఇంటికి పంపాలి" అని చెప్పాలి? తప్పిన అంచనాకు ఒక ప్రాణం మూల్యం కావచ్చు. ఈ విషయంలో ఆయనకు వివేచన, తెగువ రెండూ కావాలి. పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన ఉత్తరం చివర తన కోసం ప్రార్థించమని అడుగుతాడు. అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. అయినా సంకెళ్లు ఊడాలని అడగలేదు. నోరు తెరవాల్సిన వేళ మాట దొరకాలని, ధైర్యంగా చెప్పగలగాలని అడిగాడు. మన పాద్రీ సాబ్‌కు కూడా అదే అడుగుదాం.

భాష సంగతి కూడా చెప్పాలి. ఈ కష్టం సైన్యం పాద్రీలకు కొత్త కాదు. మన బందరులో (మచిలీపట్నంలో) ఈస్టిండియా కంపెనీ దండు ఉన్న కాలం గుర్తుచేసుకోండి. 1698 నాటి ఇంగ్లండు రాజపత్రంలోనే, కోటల్లో ఉండే పాద్రీలు ఇక్కడి జనం భాష నేర్చుకోవాలన్న షరతు ఉంది. అయినా వాళ్లు ప్రధానంగా దొరల దండు కోసమే ఉన్నవాళ్లు. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు, వాళ్ల పని తెలుగువాళ్ల మధ్య.   ఇప్పటి పాద్రీ ముందు ఒకే వరసలో మిజో, మలయాళీ, సంతాలీ, తెలుగు కుర్రాళ్లు కూర్చుంటారు. అందులో ఒకడు కేథలిక్, ఒకడు బాప్టిస్టు, ఒకడు సీఎస్ఐ, ఒకడు పెంతెకోస్తు. ఒకరికి పుస్తకం చూసి చేసే ప్రార్థన ప్రాణం, మరొకరికి కన్నీళ్లతో గొంతెత్తి చేసేది ప్రాణం. అందరికీ కలిపి హిందీలో వాక్యం చెప్పాలి. మనం మన ఊళ్లో రెండు సంఘాలను ఒక క్రిస్మస్ కూడికకు కలపలేకపోతున్నాం. ఆయన ప్రతి ఆదివారం కలుపుతున్నారు.

బయట ప్రపంచం నుంచి ఒక్క సంగతి చెబుతాను, ఎందుకంటే ఇది నన్ను వదలదు. 1943 ఫిబ్రవరి 3న గ్రీన్‌లాండ్ దగ్గర డార్చెస్టర్ అనే అమెరికా సైనిక ఓడను జర్మన్ జలాంతర్గామి కొట్టింది. అందులో తొమ్మిది వందల మంది ఉన్నారు. జార్జ్ ఫాక్స్, క్లార్క్ పోలింగ్ అనే ఇద్దరు ప్రొటెస్టెంట్ పాద్రీలు, జాన్ వాషింగ్టన్ అనే కేథలిక్ ఫాదర్, అలెగ్జాండర్ గూడ్ అనే యూదు రబ్బీ భయంతో పరుగెత్తుతున్న కుర్రాళ్లను శాంతపరిచి పడవల వైపు పంపారు. లైఫ్ జాకెట్లు అయిపోతే తమవి తీసి ఇచ్చేశారు. తీసుకునేవాడిది ఏ మతమని అడగలేదు. నలుగురూ చేతులు పట్టుకుని ప్రార్థిస్తూ ఓడతో పాటు మునిగిపోవడం బతికినవాళ్లు చూశారు. ఆ తర్వాత వచ్చిన 1949 జెనీవా ఒప్పందం, యుద్ధంలో పాద్రీలను అన్ని పరిస్థితుల్లోనూ గౌరవించాలని, కాపాడాలని చెబుతుంది. శత్రువుకు చిక్కినా వాళ్లను యుద్ధఖైదీలుగా లెక్కించరు. కాగితం మీద ఆ రక్షణ ఉంది. చలి నీళ్లకు ఆ సంగతి తెలియదు. అందుకే ప్రార్థన.

ఇక డిసెంబరు. మనకు క్యారల్స్, నక్షత్రాలు, కొత్త బట్టలు, పిల్లల నాటికలు. ఆయనకు ఏడాది మొత్తంలో పని ఎక్కువుండే నెల, ఇల్లు ఎక్కువ గుర్తొచ్చే నెల. ఒక పోస్టు నుంచి మరో పోస్టుకు వెళ్లి జవాన్లకు క్రిస్మస్ చేయిస్తారు. సొంత పిల్లలతో ఫోన్లో మాట్లాడాలంటే సిగ్నల్ దొరకాలి. ఏడో తారీఖు సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది.  ఆ వారం ఆదివారం ఆరాధనలో సైనికుల కోసం ప్రార్థించేటప్పుడు పాద్రీల పేరు కూడా ఎత్తమని మీ పాస్టరు గారిని అడగండి. పండిట్ గారిని, గ్రంథి గారిని, మౌల్వీ గారిని కూడా కలపండి. వాళ్ల భార్యాపిల్లలూ ఇలాగే ఉన్నారు. పతాకానికి ఇచ్చే చందా మాజీ సైనికుల, అమర సైనికుల భార్యల సంక్షేమానికి వెళుతుంది, ఇవ్వగలిగినంత ఇవ్వండి.

పేరు ఎందుకు రాయలేదో చెబుతానన్నాను. సైన్యంలో ఉన్నవాళ్లకు రాసే ఉత్తరాల మీద ఊరి పేరుండదు. యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీఓ అని ఉంటుంది. దానికి కారణం ఉంది. మీ బంధువు ఎక్కడున్నాడో, యూనిట్ ఎటు కదులుతోందో ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మేలు తలచి చేసే పనే అయినా కీడు చేయగలదు. దేవుడికి చిరునామా తెలుసు.

మీ పేటలో మిలిటరీలో పనిచేసే పాద్రీ కుటుంబం గానీ, ఏ జవాను కుటుంబం గానీ ఉంటే, ప్రార్థన అయ్యాక వాళ్లింటికి వెళ్లండి. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంటారు. అడక్కుండా పనిలో చెయ్యి వేయండి. పునాదిపాడు వైపు నుంచి రాసే అక్కగారు ఒకరు, తన పక్కింటి సైనికుడి తల్లిని ప్రతి బుధవారం బీపీ చూపించడానికి తీసుకెళుతున్నానని క్రిందటి ఉత్తరంలో రాశారు. అలాంటి బుధవారాలు పాద్రీ గారి తల్లికి కూడా కావాలి. జార్ఖండ్‌లో ఆ ఊరి సంఘానికి మావాడి ద్వారా కబురు పంపించాను. జవాబు రాగానే మీకు రాస్తాను.

నా గది కిటికీ దగ్గర రాత్రి తొమ్మిదింటికి మేము నలుగురం కూర్చుని ప్రార్థిస్తున్నాం. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆ వేళకు మాతో కలవండి. మేనల్లుడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న, ఇంట్లో అందరూ బాగున్నారా అని, మీ పాస్టరు గారిని కూడా ఈ వారంలో అడగండి. జవాబు చెప్పేదాకా కూర్చోండి.

ప్రభువు సేవలో,
మీ కంకిపాడు మిత్రుడు