మేళాకు రాని ఉద్యోగాలు

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘మెగా జాబ్ మేళా’ అని ఉంది. కింద పదో తరగతి నుంచి పీజీ దాకా ఎవరైనా రావచ్చని రాశారు. వయసు గురించి ఒక్క ముక్క లేదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలోనూ ఇదే ఉంది. అది చూసే తెనాలి నుంచి పొద్దున్నే బస్సెక్కాను. స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగులో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి దారి ఖర్చు కలిసొచ్చింది. ఆధార్ కార్డు, బీకాం సర్టిఫికెట్, రెజ్యూమె కాపీలు ఒక ఫైల్లో పెట్టుకున్నాను.

నేను గుంటూరు మిర్చి వ్యాపారంలో, ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాసినదాన్ని. రైతు తెచ్చిన టిక్కీలు (బస్తాలు) ఎన్ని, తూకం ఎంత, కమీషనూ హమాలీ పోను చేతికి రావాల్సింది ఎంత అని పట్టీ రాసి ఇచ్చేదాన్ని. నెలనెలా 20లోపు వ్యాట్ రిటర్ను కూడా నేనే తయారుచేసేదాన్ని. చిన్నవాడు పుట్టాక మానేశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు, పెద్దమ్మాయి ఇంటర్‌కొచ్చింది, ఇంట్లో ఒక్క జీతం చాలడం లేదు. అందుకే తెనాలిలో టాలీ ప్రైమ్ నేర్చుకున్నాను. జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీ, ఇ-వే బిల్లు ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా చేయగలను.

గేటు లోపల షామియానా కింద రిజిస్ట్రేషన్ కౌంటర్లు పెట్టారు. అప్పటికే వందల మంది పిల్లలున్నారు. చాలామంది వెంట తండ్రో, అన్నో వచ్చారు. కౌంటర్లో కూచున్న అమ్మాయి నన్ను చూసి, “బాబుకా, పాపకా ఆంటీ?” అని అడిగింది.

“నాకేనమ్మా.”

ఒక్క క్షణం ఆగి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంది. ఫోన్లో తెరుచుకున్న ఫారంలో డిగ్రీ పాసైన సంవత్సరం అడిగే చోట జాబితా 2018తో మొదలైంది. అంతకు ముందు పాసైనవాళ్లకు అందులో చోటు లేదు. “ఏదో ఒకటి నొక్కేయండి, లోపల చూసుకుంటారు” అంది. లెక్కలు రాసే ఉద్యోగానికి వచ్చి, మొదటి కాగితంలోనే తప్పు అంకె వేయడం నాకు ఇష్టం లేకపోయింది. తెల్లకాగితం మీద వివరాలు రాసిచ్చాను. ఆ అమ్మాయి దానికి టోకెన్ నంబరు వేసి, “లోపల అడగండి ఆంటీ, తీసుకుంటారు” అని మంచి మనసుతోనే చెప్పింది.

తరగతి గదుల్లో గదికో రెండు కంపెనీలు. బోర్డులన్నీ చదువుకుంటూ వరండా అంతా నడిచాను. సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో హాస్టల్ ఇస్తారు, మూడు షిఫ్టులు. మందుల కంపెనీకి బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మగపిల్లలు కావాలి. అప్పులిచ్చే సంస్థలో వసూళ్లకు బండి, లైసెన్సు ఉండాలి. బీమా ఏజెంటు పనికి జీతం లేదు, కమీషన్ మాత్రమే. కాల్ సెంటర్‌కు రాత్రి షిఫ్టు. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని దేశంలో 1976లోనే చట్టం వచ్చింది. అయినా ‘మేల్ ఓన్లీ’ అని ప్రింటు తీసి తలుపుకు అతికించిన గదులు కనిపించాయి. ఆ కాగితాన్ని వింతగా చూసినవాళ్లు కూడా లేరు.

ఒక గది బయట ఇద్దరు కుర్రాళ్లు ‘సీటీసీ నెలకు 15 వేలు’ అన్న కాగితం పట్టుకుని చేరదామా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. ఆ మొత్తంలో ఏమేం కలిపారో చూశారా అని అడిగాను. చూడలేదన్నారు. కాగితం వెనక లెక్క వేసి చూపించాను. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా ఆ 15 వేలలోనే ఉన్నాయి. అవి తీసేస్తే జీతం సుమారు 13 వేలు. అందులో 12 శాతం పీఎఫ్, 0.75 శాతం ఈఎస్ఐ మళ్లీ మీ వంతుగా కోస్తారు. చేతికొచ్చేది 11 వేల పైచిలుకు. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ ఊరుగాని ఊళ్లో గది అద్దె, భోజనం ఈ 11 వేల నుంచే కట్టాలి కాబట్టి, ఆ లెక్క చూసుకుని సంతకం పెట్టండి అని చెప్పాను. వాళ్లు వెళ్లి మరో నలుగుర్ని పిలుచుకొచ్చారు. కాసేపు ఆ వరండాలో నిలబడి వచ్చినవాళ్లందరి కాగితాలూ చదివి చెప్పాను. ఇది కౌంటర్ పెట్టి చెప్పాల్సిన విషయం. పద్దెనిమిదేళ్ల పిల్లలకు మొదటి జీతం కాగితం చదివి చెప్పేవాళ్లు ఆ ప్రాంగణంలో ఎవరూ లేరు.

అకౌంట్స్ పని ఉన్న గది చివరికి ఒకటి దొరికింది. ఒక దుకాణాల సంస్థ తరఫున వచ్చిన అబ్బాయి మర్యాదగా కూచోమన్నాడు. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో ఎలా సరిచూస్తారని అడిగాడు. చెప్పాను. సరఫరాదారు బిల్లు అప్‌లోడ్ చేయకపోతే ఏం చేస్తారన్నాడు. దానికీ చెప్పాను. తల ఊపుతూ రాసుకున్నాడు. తర్వాత పుట్టిన తేదీ అడిగి, పెన్ను పక్కన పెట్టాడు.

“మేడమ్, మీకు పని వచ్చు. కానీ 28 దాటితే మా సిస్టం తీసుకోదు. పైగా పని విజయవాడలో, రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండాలి.”

“సాయంత్రం ఆరు దాకా అయితే చేస్తాను బాబూ. మిగిలిన పని ఇంటి నుంచి పూర్తిచేసి పంపుతాను.”

“అది నా చేతిలో లేదండీ” అన్నాడు. అతని ముఖంలో నిజమైన ఇబ్బందే కనిపించింది. అతని మీద నాకు కోపం లేదు. కానీ పని వచ్చని ఒప్పుకున్న తర్వాత కూడా పుట్టిన సంవత్సరం దగ్గర మనిషిని ఆపేసే పద్ధతి అన్యాయం.

మధ్యాహ్నం చెట్టు కింద పెరుగన్నం ప్యాకెట్లు పంచారు. పొన్నూరు వైపు నుంచి చంటిబిడ్డతో వచ్చిన ఒకమ్మాయి నా పక్కన కూచుంది. ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఎంపికైంది, కానీ హాస్టల్లో బిడ్డను ఉంచుకోనివ్వరట. 50 మందీ అంతకు మించీ పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఆ సంగతి చెప్పి, ఇద్దరం కలిసి వెళ్లి అడిగాం. అక్కడున్నతను, “ఆ విషయం నాకు తెలియదండీ, హెచ్‌ఆర్‌ను అడగాలి” అన్నాడు. మనుషుల్ని చేర్చుకోవడానికి వచ్చినవాడికే ఆ గది ఉందో లేదో తెలియదు. ఆ అమ్మాయి ఆఫర్ కాగితం అక్కడే వదిలేసి బస్టాండుకు వెళ్లిపోయింది.

బయల్దేరే ముందు నిర్వాహకుల్లో పెద్దాయన కనిపిస్తే నిలబడి అడిగాను. “మన జిల్లాలో ఇన్ని కోల్డ్ స్టోరేజీలు, మిర్చి కొట్లు, ఆడిటర్ ఆఫీసులు, హోల్‌సేల్ కిరాణాలు ఉన్నాయి కదండీ, వాళ్లు ఒక్కరూ రాలేదేం?”

ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. “సాయంత్రానికి ఎంతమందికి ఆఫర్ ఇచ్చామన్నదే మేం పైకి పంపాల్సింది అమ్మా. వంద మందిని తీసుకునే కంపెనీ వస్తే మాకు గది నిండుతుంది. ఒక్క మనిషి కావాలనే కొట్టును పిలిచి ఏం చేస్తాం?”

ఆ రోజంతా నేను చూసినదానికి ఆ జవాబులో కారణం దొరికింది. వంద మందిని ఒకేసారి తీసుకునే పనులు చాలావరకు షిఫ్టులవి, దూరానివి, ఏడాది తిరక్కుండానే మనుషులు మారిపోయేవి. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేనివారికే అవి సరిపోతాయి. పిల్లలున్న మనిషికి సరిపడే పని మన ఊళ్లోనే, ఒక కొట్టులోనో ఆఫీసులోనో ఒక కుర్చీగా ఉంటుంది. అది తెలిసినవాళ్ల నోటి మాట మీద నిండిపోతుంది. 2023-24 కేంద్ర సర్వేలో 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో నూటికి 78.8 మంది పనిలోనో, పని వెతుకులాటలోనో ఉంటే ఆడవాళ్లలో 41.7 మందే ఉన్నారు. ఆ మిగతావాళ్లలో పని చేయాలని ఉన్నా, తమకు కుదిరే పని జాడ తెలియక ఆగిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. నా వీధిలోనే ఉన్నారు.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. 25 మందీ అంతకు మించీ ఉన్న ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని 1959లోనే చట్టం చేశారు. జీతం ఎంత, పనిచేసే చోటు ఎక్కడ, వయోపరిమితి ఉందా అన్నవి ఆ సమాచారంలో ఉండాలి. మేళా ప్రకటనలో కంపెనీల వారీగా అవే వివరాలు, పని వేళలు కలిపి ముందే వేస్తే, చంటిబిడ్డను ఎత్తుకుని పొన్నూరు నుంచి రావాల్సిన అవసరం ఆ అమ్మాయికి ఉండేది కాదు.

రెండో పని కాస్త పెద్దది. ప్రతి మేళాలో ఒక గది ఊళ్లో ఒక్కొక్క మనిషి కోసం చూస్తున్న యజమానులకు కేటాయించాలి. వాళ్లు స్వయంగా రాలేకపోతే ఖాళీల జాబితా తెచ్చి గోడకు అంటించినా చాలు. పని ఆపి మళ్లీ మొదలుపెట్టాలనుకునేవారికి టాటా గ్రూపు 2008లోనే ప్రత్యేక ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టింది. అంత పెద్ద సంస్థకు అవసరమనిపించిన ఆలోచన జిల్లా స్థాయిలోనూ చేయవచ్చు.

సాయంత్రం దాకా నాకు ఏ గది నుంచీ పిలుపు రాలేదు. ఈ రెండు విషయాలూ కాగితం మీద రాసి, పేరు, ఫోన్ నంబరుతో ఆ పెద్దాయనకు ఇచ్చి వచ్చాను. తెనాలిలో రిటర్నులు వేసే ఆఫీసులకు, గుంటూరులో పాత పరిచయం ఉన్న మిర్చి కొట్లకు ఇక నేనే నేరుగా వెళ్లి అడుగుతాను. అక్కడ తెలిసిన ప్రతి ఖాళీనీ రాసి పెట్టుకుంటాను. నాకు కుదరనివి నా వీధిలో వెతుక్కుంటున్న మిగతా తల్లులకు చెబుతాను, వచ్చే మేళా నాటికి ఆ జాబితా నిర్వాహకుల బల్ల మీద పెడతాను.