నేరం మోటారుది కాదు

ఇంట్లో కుళాయి ధార సన్నబడితే మొదటి నింద మోటారు మీదే పడుతుంది. "ముసలిదైపోయింది", "వైండింగ్ పోయినట్టుంది", "అప్పుడే ఒకటిన్నర హార్స్‌పవర్ వేయించమన్నాను, వింటేనా" అని ఇంటిల్లిపాదీ తలా ఒక మాట అంటారు. నోరు లేనిది కనక మోటారు మారు పలకదు. కొత్తది వస్తుంది, పాతది పాత ఇనప సామాన్లవాడి బండెక్కుతుంది. నెల తిరక్కుండానే కొత్తదీ అదే పాట అందుకుంటుంది. అప్పటికైనా అసలు దోషి ఎవరని ఎవరూ అడగరు.

ఈ నింద ఇప్పటిది కాదు. 1638లో అచ్చయిన "రెండు కొత్త శాస్త్రాలు" అనే సంభాషణల పుస్తకంలో గెలీలియో ప్రవేశపెట్టిన ఒక పాత్ర సరిగ్గా ఇదే గోడు చెప్పుకుంటుంది. తొట్టి నిండుగా ఉన్నంతకాలం బాగా ఎత్తిన పంపు, నీటిమట్టం దిగేసరికి మొరాయించింది. పంపు చెడిందనుకుని పనివాణ్ణి పిలిపిస్తే, అతను చూసి, తప్పు పంపుది కాదు, నీళ్ళే మరీ లోతుకు దిగాయి, పద్దెనిమిది మూరలు దాటితే ఇలాంటి పంపు ఏదీ ఎత్తలేదు అని చెప్పాడట. అక్కడి మూర మన మూర కంటే పెద్దది. మన లెక్కలో అది పది మీటర్ల పైచిలుకు. ఎందుకలా అన్నదానికి గెలీలియో చెప్పిన కారణం తప్పింది. నీటి స్తంభం తన బరువుకి తానే తెగిపోతుందనుకున్నాడాయన. పేరులేని ఆ మెకానిక్ చెప్పిన కొలత మాత్రం దాదాపు సరిపోయింది.

కారణం తేల్చినవాడు టారిచెల్లి. 1643 ప్రాంతంలో ఆయన గాజుగొట్టంలో పాదరసం నింపి తిరగేస్తే అది 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు. గుణిస్తే 10.3 మీటర్లు. అంటే మన నెత్తిన ఉన్న గాలి బరువు అంత ఎత్తు నీటిని మోయగలదు, అంతకు మించి ఒక్క అంగుళం కూడా మోయలేదు. పీల్చే పైపులో మోటారు చేసేదల్లా ఒత్తిడి తగ్గించడమే. నీళ్ళను మోటారు దాకా పైకి నెట్టేది బయటి గాలి. హైదరాబాదు సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉంది కనక అక్కడ ఈ కొలత అర మీటరు పైగా తగ్గుతుంది. బాపట్ల జిల్లాలోని పర్చూరుకి ఆ బాధ లేదు. చీరాల దాటితే వాడరేవు, వాడరేవు దాటితే సముద్రమే. గాలి తన పూర్తి బరువుతో ఇక్కడ పనిచేస్తుంది.

అయినా కాగితం మీది 10.3 మీటర్లు పెరట్లో దొరకవు. పైపు రాపిడి, వంపులు, వాల్వులు తమ వాటా తీసుకోగా ఇంటి మోనోబ్లాక్ మోటారుకి మిగిలేది ఏడు మీటర్లు, అంటే ఇరవై మూడు అడుగులు. అందుకే మన పాత దిగుడు బావుల్లో వేసవి వచ్చేసరికి గోడలో మెట్టు కట్టి మోటారునే కిందికి దింపేవారు. ఏతాం తొక్కినవాళ్ళకీ మోట తోలినవాళ్ళకీ ఈ చిక్కు లేదు. వాళ్ళు నీటిని పాత్రలో పట్టి ఎత్తారు. సబ్‌మెర్సిబుల్‌ది కూడా అదే వరస. నీళ్ళలోనే కూర్చుని కింది నుంచి నెడుతుంది కనక గాలి సాయం అడగదు. పైన కూర్చుని పీల్చే మోటారుకే గాలితో పని, గాలితోనే గొడవ.

ఆ గొడవ ఎలా ఉంటుందో పర్చూరులో మా బంధువుల ఇంట్లో చూశాను. సంపు ఎనిమిది అడుగుల లోతు కూడా లేదు. వీధి వాకిట్లో సంపు, దొడ్లో మోటారు, మధ్య నేలలో పూడ్చిన పైపు. స్విచ్ వేస్తే పది నిమిషాలు డాబా మీది ట్యాంకులోకి ధారగా పోసేది. తర్వాత దగ్గు మొదలయ్యేది. పైపు చివర నీళ్ళూ గాలీ కలిసి తుంపరలు కొట్టి, చివరికి గాలే మిగిలేది. ఇంట్లోవాళ్ళు కొత్త మోటారుకి బేరం కూడా అడిగి ఉంచారు.

మేస్త్రి వచ్చి పనిముట్ల సంచి విప్పకుండానే మోటారు వేయమన్నాడు. స్క్రూడ్రైవర్ మొన బాడీకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు.

"ఏం నాయనా, పోయినట్టేనా?" అంది ఇంటావిడ.

"మోటారుకేం పిన్నీ, దుక్కలా ఉంది. గాలి లాగుతోంది" అన్నాడతను.

బట్టల సబ్బు చిన్న గిన్నెలో నురగ చేసి, సంపు దగ్గర్నించి పైకి తేలి కనిపించే ప్రతి జాయింటుకీ పూశాడు. మోటారు పక్కన మొదటి ఎల్బో దగ్గర నురగ బుడగ కట్టలేదు. సన్నటి గీతలా చీలి లోపలికి పోయింది. చెయ్యి పెట్టి చూస్తే అక్కడ చుక్క తడి లేదు. "బయటికి కారే లీకు కంటికి కనపడుద్ది. ఇది లోపలికి కారే లీకు" అన్నాడు. డెలివరీ పైపు చిల్లిపడితే నేల తడుస్తుంది, ఇల్లాలు కేకేస్తుంది. సక్షన్ పైపు చిల్లిపడితే నేల పొడిగానే ఉంటుంది, తిట్లు మోటారు తింటుంది.

ఆ ఎల్బోని చీల్చింది ఎవరు? నేల. పర్చూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది, 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది, 2022లో పర్చూరు బాపట్ల జిల్లాలోకి మారింది. జిల్లాలు మారాయి గాని నేల మారలేదు. అది నల్లరేగడి. తడిని పట్టి ఉంచుతుంది కనకే పత్తికీ మిరపకీ అంత ప్రీతి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి, వేసవిలో కాలు ఇరుక్కునేంత బీటలు తీస్తుంది. ఏడాదికోసారి కదిలే నేలలో వంగని పీవీసీ పైపు పూడిస్తే ఏదో ఒక అతుకు విడవక తప్పదు. ఇక్కడ పైపుని రేగడిలో నేరుగా పాతకూడదు. కాలవ వెడల్పుగా తవ్వి, కిందా పైనా ఇసుక పోసి పూడ్చాలి. ఇంటి పునాదికి ఇసుక పోయించే ఆసామికి ఈ సంగతి కొత్త కాదు. పైపు దగ్గరికి వచ్చేసరికే మర్చిపోతాడు.

రెండో అనుమానితుడు ఫుట్‌వాల్వ్, పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా పట్టే రేకు. రాత్రి బాగానే ఎక్కించిన మోటారు తెల్లారి నీళ్ళు అందుకోకపోతే మొదట దాన్నే చూడాలి. మోటారు ఆపి, మూత విప్పి, అంచుదాకా నీళ్ళు పోసి కాసేపు చూడండి. మట్టం దిగిపోతోందంటే కింద రేకు సరిగ్గా మూసుకోవట్లేదు, లేదా పైపు కారుతోంది. ఒక్క ఇసుక రేణువు చాలు, ఇంత నాచు చాలు. వెనకటికి పొలాల్లో ఆయిల్ ఇంజన్లు నడిపినవాళ్ళు పేడ నీళ్ళు పోసేవారు. ఆ పీచు సందుల్లో చిక్కుకుని గాలిని ఆపేది. పొలంలో ఆ ఉపాయం చెల్లింది గాని, తాగే నీళ్ళ మోటారులో పోసేది కాదు.

మూడోది కరెంటు. సాయంత్రాలు మాత్రమే ధార తగ్గుతుంటే పైపులు తవ్వకండి, వోల్టేజీ కొలిపించండి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సింది 180కి పడితే బలంలో దాదాపు నలభై శాతం పోయినట్టే. నీరసించిన కెపాసిటర్ కూడా మోటారుని ఇలాగే మూలుగబెడుతుంది.

ఇక పైన ట్యాంకు నిండుగా ఉండి, కింద కుళాయి మాత్రం ఏడుస్తుంటే మోటారుకి సంబంధమే లేదు. అక్కడ ప్రెషర్ ఇచ్చేది ఎత్తు. పది మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో, మూడు మీటర్లకి 0.3 కిలో, అంతే. బోరు నీళ్ళ ఉప్పు కుళాయి జాలీలో, షవరు చిల్లుల్లో గట్టిగా పేరుకుంటే ఆ కాస్తా పోతుంది. జాలీ విప్పి ఒక రాత్రి నిమ్మరసంలో నానబెడితే సగం ఫిర్యాదులు తీరతాయి. ప్రెషర్ పంపు పెట్టుకున్న ఇంట్లో కుళాయి తిప్పిన ప్రతిసారీ అది టకటకా ఆగి ఆగి నడుస్తుంటే, పక్కనున్న చిన్న ట్యాంకులో గాలి తగ్గిందన్నమాట. కరెంటు తీసి, నీళ్ళు వదిలేసి, కారు టైరు గేజితో కొలవండి. గాలి మూతి నొక్కినప్పుడు నీళ్ళు చిమ్మితే లోపలి రబ్బరు తిత్తి చిరిగినట్టే.

ఇవేవీ చూడకుండా పెద్ద మోటారు తెస్తే ఏమవుతుంది? అదే సన్న పైపులోంచి ఎక్కువ నీళ్ళు పీల్చబోతుంది. రాపిడి పెరుగుతుంది, చిల్లిలోంచి గాలి ఇంకా జోరుగా దూరుతుంది, నీళ్ళు లేక సీలు కాలుతుంది. ఇంచీ పైపు వేయాల్సినచోట ముప్పాతిక పైపు వేస్తే, అన్నే నీళ్ళకి రాపిడి నాలుగు రెట్లవుతుంది. ఆ పిసినారితనం ఏ హార్స్‌పవరూ తీర్చలేనిది.

అంతకంటే అన్యాయం పంచాయతీ కుళాయికి మోటారు బిగించడం. సాగర్ కుడికాలువ నీళ్ళతో చెరువులు నింపుకుని ఏడాదంతా తాగే ఊళ్ళు మనవి. ఆ లైనుకి ఒక ఇల్లు మోటారు పెడితే చివరి ఇంటి బిందె ఎండుతుంది. అదీగాక, పర్చూరు ఎల్బోలోకి నురగ పోయినట్టే, వీధి పైపు చిల్లిలోంచి పక్క మురుగు లోపలికి పోతుంది. అది తాగేది ముందుగా మోటారు పెట్టిన ఇంటివాళ్ళే.

కాబట్టి కొత్త మోటారుకి బేరమాడే ముందు ఇరవై లీటర్ల బకెట్ ఒకటి, గడియారం ఒకటి తీసుకుని ట్యాంకు పైపు దగ్గర నిలబడండి. నలభై సెకన్లలో నిండితే గంటకి 1800 లీటర్లు. బాగున్న రోజున ఆ అంకె గోడమీద రాసి ఉంచితే, చెడిన రోజున ఎంత తగ్గిందో తెలుస్తుంది. తర్వాత నీళ్ళున్న చోటు నుంచి మొదలుపెట్టి వరసగా చూడండి: నీటిమట్టం, ఫుట్‌వాల్వ్, అతుకులు, వోల్టేజీ. మోటారు వంతు చివర్న రావాలి. దేనిమీదైనా చెయ్యి పెట్టే ముందు మాత్రం మెయిన్ ఆపడం మర్చిపోకండి.