మావారి పడవ ముచ్చట

మేముండేది ఇంగ్లండులో, నార్‌ఫోక్ బ్రాడ్స్ దగ్గర. పాత చెక్క మోటారు పడవ కొనాలని మావారికి ఎప్పటినుంచో కోరిక. 1960ల్లో కట్టినది ఒకటి దొరికింది. ఓకు చట్రం మీద మహాగని పలకలు, లోపల రెండు పడకలు, బుల్లి స్టవ్వు. ఆయన వార్నిష్ మెరుపు చూసి మురిసిపోయారు. పాప చదువుకని దాచిన డబ్బు కదా, సర్వేయరు చూశాకే బేరం అన్నాను. సర్వే ఫీజూ, పడవని క్రేనుతో ఒడ్డుకెత్తే ఖర్చూ కొనేవాళ్ళవే. అయినా సరే అన్నాను.

సర్వేయరు చిన్న సుత్తితో పలక పలకనీ తట్టుకుంటూ వెళ్ళాడు. మనం కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అచ్చం అలాగే! గట్టి చెక్క టంగుమంటుంది, కుళ్ళింది బొద్దుగా మోగుతుంది. సముద్రంలోకీ వెళ్ళొచ్చిన పడవ కాబట్టి రెండు మరలు ఊడదీసి చూశాడు. ఇత్తడి మర గులాబీ రంగుకి తిరిగితే అందులో జింకు పోయి పెళుసెక్కినట్టట.

చిత్రమేమిటంటే, నీళ్ళలో మునిగే అడుగు భాగం బాగానే ఉంది. పాడైంది పైన. డెక్కు అతుకుల్లోంచి, కిటికీ మూలల్లోంచి దిగిన వాన నీళ్ళు గాలాడని చోట నిలిచి చెక్కని తినేస్తాయట. పడక కింది అర తలుపు తీస్తే వానాకాలం మూసిపెట్టిన బీరువా వాసన! సర్వేయరుని పిలిచాను. దబ్బనం లాంటిది గుచ్చాడు. పిడిదాకా దిగిపోయింది.

రిపోర్టు వచ్చింది. పడవ ధర కంటే మరమ్మతే ఎక్కువ. వద్దని మావారే ఫోన్ చేసి చెప్పారు. ఆ సాయంత్రం పకోడీలు వేస్తే ఒక్కటీ ముట్టుకోలేదు, పాపం.

ఇప్పుడు ఫైబరు పడవల ప్రకటనలు చూస్తున్నారు. వాటికి అడుగున బొబ్బలొస్తాయట.