క్లీవ్‌లాండ్ మీద బుడగల మబ్బు

పిల్లలూ, మీ అట్లాసులో ఉత్తర అమెరికా పటం తీయండి. అమెరికాకూ కెనడాకూ నడుమ అయిదు పెద్ద మంచినీటి సరస్సులు కనబడతాయి. వాటిలో అన్నింటికన్న దక్షిణాన ఉన్నది ఈరీ సరస్సు. పేరుకు సరస్సే గాని దాని పొడవు 388 కిలోమీటర్లు. అయితే అయిదింటిలోనూ లోతు తక్కువైనది ఇదే. లోతు తక్కువ గనుక గాలి లేచిందంటే ఇట్టే పెద్ద అలలు పుడతాయి. చిన్న పడవలలో చేపలు పట్టబోయేవారు ఆకాశంకేసి చూస్తూ ఉండవలసిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

ఆ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ నగరం ఉంది. 1796లో మోజెస్ క్లీవ్‌లాండ్ అనే ఆయన ఈ ఊరికి పునాది వేశాడు. ఇంగ్లీషులో ఆయన పేరు రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువ ఉండేది. ఊరి పేరులో అది ఎలాగో జారిపోయింది. 1978లో ఈ ఊళ్లో మొదలైన త్యాగరాజ ఆరాధనోత్సవాల మూలంగా సంగీతం తెలిసిన మన పెద్దలకు దీని పేరు బాగా తెలుసు. అడిగి చూడండి.

ఊరి మధ్యగా కయహోగా అనే నది మెలికలు తిరుగుతూ వచ్చి సరస్సులో కలుస్తుంది. ఒకప్పుడు ఫ్యాక్టరీల చమురూ మురికీ దాని మీద తెట్టెలుగా తేలుతూ ఉండేవి. 1969 జూన్ 22న ఆ తెట్టెకు నిప్పంటుకుని నది మండింది! నీళ్లు మండటమేమిటని నవ్వుతున్నారు గదా? అంతకుముందు కూడా ఆ నది ఎన్నోసార్లు మండింది. దానితో దేశమంతా క్లీవ్‌లాండును ఎగతాళి చేసింది. ఏదైనా గొప్ప పని చేసి ఆ చెడ్డపేరు పోగొట్టుకోవాలని ఊరివారికి ఉండటం సహజమే.

1986లో యునైటెడ్ వే అనే ధర్మసంస్థ చందాల కోసం ఒక వేడుక తలపెట్టింది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ వదలనన్ని బుడగలను ఒక్కసారిగా ఆకాశంలోకి వదలాలి. రెండు బుడగలకు ఒక డాలరు చొప్పున బడిపిల్లలు చందాలు పోగుచేశారు. పబ్లిక్ స్క్వేర్ అనే నడిబజారులో, 52 అంతస్తుల టెర్మినల్ టవర్ పక్కన, మూడంతస్తుల ఎత్తున పెద్ద పందిరి కట్టి, పైన వల కప్పారు. సుమారు 2,500 మంది దాని కింద కూర్చుని రబ్బరు బుడగలలో హీలియం నింపి ముడులు వేశారు. వేళ్లు ఎంత నొప్పి పుట్టాయో!

సెప్టెంబరు 27 శనివారం. సరస్సు మీద వాన మబ్బు కమ్ముకొస్తున్నది. తుఫాను రాకముందే వదిలెయ్యాలని మధ్యాహ్నం రెండు కాకముందే వల తీసేశారు. పదిహేను లక్షలకు కొంచెం తక్కువగా బుడగలు ఒక్కసారి లేచి టవరును చుట్టుకుని పైకి పోయాయి. చూసినవారు కేరింతలు కొట్టారు. ఆనాటి ఫోటోలు ఇప్పటికీ చూడముచ్చటగానే ఉంటాయి, కాదనను.

ఆ బుడగలు ఎట్లా పైకి పోయాయో ఆలోచించారా? హీలియం గాలికన్న తేలిక. లీటరు హీలియం సుమారు ఒక గ్రాము బరువును పైకి మోయగలదు. అంటే బుడగకు ఉన్న బలం కొద్ది గ్రాములే. చలిగాలి తగిలితే లోపలి వాయువు ముడుచుకుంటుంది. వాన పడితే తడి బరువు తోడవుతుంది. పైగా వానతోపాటు గాలి కిందికి దూకుతుంది. ఆ రోజు జరిగింది అదే. బుడగలు ఇంకా గాలి తగ్గకుండానే గుంపులు గుంపులుగా కిందికి దిగాయి. రోడ్ల మీద, పొలాల మీద, సరస్సు మీద పడ్డాయి. బర్క్ విమానాశ్రయంలో ఒక రన్‌వేను కొంతసేపు మూసివేశారు. మెడీనా అనే చోట గుర్రాలు బెదిరి గాయపడ్డాయి. తర్వాతి రోజులలో ఎన్నో బుడగలు సరస్సు దాటి కెనడా ఒడ్డుకు కొట్టుకుపోయాయి.

అసలు విచారకరమైన సంగతి మరొకటి. ముందురోజు చేపలకు వెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు. తీరరక్షక దళంవారు పడవలలోనూ హెలికాప్టరులోనూ వెతుకుతున్నారు. పడవ దొరికింది గాని మనుషులు కనబడలేదు. నీళ్లలో ఉన్న మనిషిని వెతకటమంటే తేలుతున్న తలనో, రంగు చొక్కానో పోల్చుకోవటమే. అట్లాంటి నీటి మీద ఎటు చూసినా రంగురంగుల బుడగ తలలే! సెప్టెంబరు 29న వెతకటం ఆపేశారు. తర్వాత ఇద్దరి శవాలూ ఒడ్డుకు చేరాయి. బుడగలు లేకపోతే వారు బతికేవారని గట్టిగా చెప్పలేము. కాని వెతకటానికి అవి అడ్డమైనమాట నిజం. ఒకరి భార్య కోర్టుకు వెళ్లింది. చివరకు రాజీ కుదిరింది.

రబ్బరు చెట్టుపాలే గదా, మట్టిలో కలిసిపోతుందని కొందరంటారు. ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు బుడగలను మంచినీటిలో, ఉప్పునీటిలో, ఎరువుకుప్పలో 16 వారాలు ఉంచి చూశారు. చెప్పుకోదగినంతగా పాడు కాలేదని 2021లో ప్రకటించారు. మీరూ చెయ్యవచ్చు: పగిలిన బుడగ ముక్కనూ, ఒక చెట్టు ఆకునూ ఒకే కుండీలో పాతిపెట్టి, ఎండాకాలం సెలవుల తర్వాత తవ్వి చూడండి. సముద్రపక్షులు ఇట్లాంటి ముక్కలను ఆహారమనుకుని మింగుతాయి. గట్టి ప్లాస్టిక్ ముక్క కొన్నిసార్లు బయటికి పోతుంది. మెత్తని రబ్బరు పేగులో అడ్డుపడుతుంది. ఒక ముక్క మింగినందువల్ల చచ్చే ప్రమాదం గట్టి ప్లాస్టిక్ కన్న 32 రెట్లు ఎక్కువని 2019లో ఆస్ట్రేలియావారే లెక్కకట్టారు.

హీలియం మాట వచ్చింది గనుక మన ఊరి ముచ్చట ఒకటి చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకు వచ్చి సూర్యకాంతిని పరీక్షించాడు. ఆ ఏటి పరిశీలనలలో కనిపించిన పసుపుపచ్చని గీత ఒక కొత్త మూలకానిదని ఇంగ్లండులో లాక్యర్ భావించాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరే దానికి పెట్టారు. భూమి మీద అది 1895లో గాని దొరకలేదు. ఆసుపత్రులలో శరీరం లోపలి బొమ్మలు తీసే ఎమ్మారై యంత్రాలను చల్లబరచటానికి ఈ హీలియమే కావాలి. ఒకసారి గాలిలో కలిసిందా, మెల్లమెల్లగా భూమిని విడిచి అంతరిక్షంలోకే పోతుంది.

అమెరికాలో ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు బుడగలు వదలటాన్ని నిషేధించాయి. మేరీలాండ్, వర్జీనియా 2021లో చట్టాలు చేశాయి. ఫ్లోరిడాలో 2024 జూలై 1 నుంచి ఒక్క బుడగను కావాలని వదిలినా తప్పే. ఆరేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకు మాత్రం అక్కడి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఈ పేజీ స్వయంగా చదువుకోగలిగిన మీలో చాలామందికి ఆ వయసు దాటిపోయే ఉంటుంది.