మామిడి కోతా, ఆరు వారాలూ

చేతికి కుట్లు విప్పే రోజంటే నాకు హడలు. ఆపరేషన్ నాడు కూడా అంత భయపడను. కుట్లు విప్పే నాటికి గాయం మాని, వాపు తగ్గి, సన్నటి గీత మిగులుతుంది. "తగ్గిపోయింది కదండీ, ఇంకా ఈ అట్ట దేనికి?" అంటారు. ఆ అట్టే స్ప్లింట్. మణికట్టునూ వేళ్ల మొదళ్లనూ కాస్త వంచి ఉంచి, చేయి పూర్తిగా చాచకుండా ఆపుతుంది.

లోపలి సంగతి వేరు. వేలిని ముడిచే టెండన్ తెగితే కొసలు రెండూ దగ్గరకు తెచ్చి కుడతాం. మొదటి రెండు వారాల్లో ఆ కొసలు గట్టిపడకపోగా మెత్తబడతాయి. పట్టంతా దారానిదే. ఆరు వారాలకు స్ప్లింట్ తీస్తాం. బరువెత్తడానికి మూడు నెలలు ఆగాలి. ఇదంతా చెబితే అందరూ తలూపుతారు. తలూపి, చాట్రాయి బస్సెక్కి వెళ్లిపోతారు.

పామాయిల్ గెలలు కోస్తూ జారిన కత్తిని ఎడం చేత్తో పట్టుకున్నాడొక కుర్రాడు. ఉంగరపు వేలి టెండన్లు రెండూ తెగాయి. కుట్టాం, బాగానే కుదిరింది. ఇంతలో బంగినపల్లి కోత వచ్చింది. స్ప్లింట్ విప్పి మూలన పెట్టాడు. "కాయ కోసే చిక్కం పట్టుకున్నానంతేనండీ, బరువేం ఎత్తలేదు." వేలిలో టప్పుమందట. మర్నాడే వస్తే మళ్లీ కుట్టేవాళ్లం. కోతలన్నీ అయ్యాక వచ్చాడు. అప్పటికి టెండన్ అరచేతిలోకి జారిపోయింది. ఇక ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, మూడు నెలలాగి మరోచోటి టెండన్ తెచ్చి అతకాలి. రెండు ఆపరేషన్లన్నా బెదరలేదు. "మళ్లీ ఆ అట్ట ఉంటుందా అండీ?" అని మాత్రం దిగులుగా అడిగాడు.

తిట్టాను. తిడుతూనే ఆలోచించాను. తోట కౌలుకు తీసుకున్నవాడు డబ్బు ముందే కట్టి ఉంటాడు. పెద్దగాలి వస్తే కాయ రాలిపోతుంది, కోత ఆగదు. ఆరు వారాలు కూర్చోమని చీటీ రాయడం నాకు తేలికే. ఆ ఆరు వారాల కూలి ఎవరిస్తారో ఆ చీటీలో ఉండదు.

నూజివీడు ప్రాంతంలో అంటు కట్టడం తెలియని రైతుండడు. పట్టీ ముందే విప్పితే అంటు చస్తుందని నాకే చెబుతారు. వేలికీ అంతే అంటాను. కాకపోతే అంటును కదపకూడదు, వేలిని కదపాలి, అదీ చెప్పినంత వరకే. ఈ రెండో ముక్క దగ్గరే తంటా.

టెండన్ నడిచే గొట్టం ఇరుకు. కదలకపోతే కుట్టిన చోటే అతుక్కుపోతుంది. అందుకే ఒకప్పుడు అరచేతి మడతకూ వేలి నడిమికీ మధ్య తెగితే వెంటనే కుట్టడానికి పెద్ద సర్జన్లే జంకేవారు. 1967లో అమెరికాలోని లూయీవిల్ సర్జన్ క్లైనర్ట్ బృందం అక్కడ కూడా కుట్టి ఫలితాలు చూపింది. గోటికి రబ్బరు బ్యాండు కట్టారు. రోగి వేలు చాపుతాడు, ముడిచే పని బ్యాండుది. అంత పెద్ద అడుగు ఓ రబ్బరు బ్యాండు మీదా, రోగి బుద్ధి మీదా ఆధారపడింది.

ఆవకాయ ముక్కలు కొడుతూ చూపుడువేలు కోసుకున్న పెద్దావిడ ఉంది. స్ప్లింట్ ముట్టుకోనే లేదు. "అత్తయ్య వేలు కూడా కదపలేదండీ!" అంది కోడలు గర్వంగా. వ్యాయామాల కాగితం మడత నలగకుండా సంచిలో ఉంది. వేలు మాత్రం కర్రలా బిగుసుకుంది. ఆమెనేమని తిట్టను? ఫిజియోథెరపీకి వారం వారం విజయవాడ రమ్మంటే, "అన్ని బస్సులు ఎక్కలేను నాయనా" అంది. కోడలికి నేర్పి పంపాను. ఇప్పుడు ముద్ద కలుపుకుంటోంది. పిడికిలి పూర్తిగా ముడవలేదు.

ఈమధ్య కుట్లు విప్పే రోజు రోగిని ఒంటరిగా రానివ్వను. ఇంట్లో పని చెప్పేవాళ్లను వెంట తెమ్మంటాను. మొన్న ఏప్రిల్‌లో ఒక అల్లుడితో మామగారొచ్చారు. అట్ట ఎప్పుడు తీస్తారన్నారు. మే ఆఖరికన్నాను. "కలెక్టర్ మామిడి కాయ కోతకు అందొస్తాడన్నమాట!" జులై దాకా బరువు ముట్టుకోకూడదన్నాను. ఆయన కాసేపు అల్లుడి ఎడం చేయి కేసి చూశారు. కాటా దగ్గర లెక్కలు రాయొచ్చా అని అడిగారు. కుడి చేయి శుభ్రంగా ఉంది, రాయమన్నాను.